తప్పు దిద్దుకుంటూ పోయే లెక్క

కొడుకు ఏ తేదీన పుట్టాడో ఆ తల్లికి తెలియదు. ఆవిడకి రాయడం రాదు. తేదీ రాసి పెట్టుకోవాలన్న ధ్యాసా లేదు. గుర్తున్నదల్లా ఒక్కటే. ఆ రోజు బుధవారం, క్రీస్తు ఆరోహణ పండగకి ఎనిమిది రోజుల ముందు. మన అమ్మమ్మలు సంక్రాంతి వెళ్ళిన మూడోనాడు పుట్టావనో, అట్లతద్దికి ముందు వారం పుట్టావనో చెబుతారే, అలాగన్నమాట. ఆరోహణ పండగ ఈస్టరుని బట్టి వస్తుంది. ఈస్టరేమో మన పండగల్లాగే చంద్రుణ్ణి బట్టి ఏటేటా తేదీ మార్చుకుంటుంది. పెద్దయ్యాక ఆ కొడుకు ఏ సంవత్సరానికైనా ఈస్టరు తేదీ కట్టగల సూత్రం ఒకటి తయారుచేసి 1800లో అచ్చు వేయించాడు. ఆ లెక్కన చూసుకుంటే ఆయన పుట్టింది 1777 ఏప్రిల్ 30న.

తల్లి పేరు డొరొతియా. కొడుకు పేరు కార్ల్ ఫ్రెడరిక్ గౌస్. లెక్కల చరిత్రలో మహానుభావుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టమంటే మొదటి మూడు వేళ్ళలోపే వచ్చే పేరు. ఆయన చేసిన పనులన్నీ చెప్పుకోవడానికి ఈ పేజీ చాలదు. అందులో ఒక చిన్న సంగతి మాత్రం మనలాంటివాళ్ళం వంటింట్లో కూర్చుని కూడా అర్థం చేసుకోగలం. దాని చుట్టూ ఆయన జీవితం చెప్పుకుందాం. లెక్కలంటే భయపడేవాళ్ళు పేజీ తిప్పెయ్యకండి, ఇందులో కొబ్బరికాయలూ అరటిపళ్ళూ తప్ప భయపెట్టేవేం లేవు.

<b>తాపీపని వారింట్లో</b>

జర్మనీలో బ్రన్స్‌విక్ అనే ఊరు. తండ్రి గెబ్‌హార్డ్ తాపీపని, తోటపని, ఏది దొరికితే అది చేసి సంసారం ఈదేవాడు. నిజాయితీపరుడే కాని మొరటు మనిషి. కొడుకు కూడా ఏదో ఒక చేతిపని నేర్చుకుంటే చాలనుకునేవాడు. డొరొతియా వెల్ప్‌కె అనే పల్లెటూరి నుంచి వచ్చింది. పెళ్ళికి ముందు ఇళ్ళలో పనిచేసి బతికింది. ముప్ఫై దాటాక ఆయనకి రెండో భార్యగా వచ్చింది. ఆవిడకి పుట్టింది ఒక్కడే.

వాడికి మూడేళ్ళప్పుడు తండ్రి కూలీలకి ఇవ్వాల్సిన డబ్బు లెక్క కడుతుంటే, పక్కనే కూర్చుని అందులో తప్పు పట్టాడని చెప్పుకుంటారు. బళ్ళో జరిగిన కథ ఇంకా ప్రసిద్ధం. బ్యూట్‌నర్ అనే మాస్టారు పిల్లల్ని కాసేపు కదలకుండా కూర్చోబెడదామని ఒకటి నుంచి వంద దాకా అంకెలన్నీ కూడమన్నాడట. మిగతా పిల్లలు పలకల మీద గీకుతూనే ఉన్నారు, వీడు క్షణంలో 5050 అని రాసి పలక బోర్లించాడు. ఒకటీ వందా కలిపితే 101, రెండూ తొంభైతొమ్మిదీ కలిపితే 101, అలాంటి జతలు యాభై. అంతే! ఆ కథని గౌస్ తన ముసలితనంలో తానే ముచ్చటగా చెప్పుకునేవాడు.

ఆ మాస్టారు మంచివాడు. తన దగ్గర ఈ పిల్లాడికి నేర్పడానికి ఇంకేమీ లేదని గ్రహించి హాంబర్గ్ నుంచి పెద్ద లెక్కల పుస్తకం తెప్పించి ఇచ్చాడు. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న బార్టెల్స్ అనే కుర్రాడు గౌస్‌తో కలిసి రాత్రిళ్ళు లెక్కలు చేసేవాడు. ఇంట్లో మాత్రం తండ్రి చదువెందుకంటాడు, తల్లి చదవాలంటుంది. నేతపని చేసుకునే మేనమామ ఫ్రెడరిక్ కూడా పిల్లాడి తెలివి చూసి మురిసిపోయి అక్కకి దన్నుగా నిలిచాడు. తల్లి పట్టు విడవలేదు. చివరికి ఈ పిల్లాడి సంగతి బ్రన్స్‌విక్ ప్రభువు చెవిన పడింది. ఆయన దయవల్ల కాలేజీ చదువు, 1795 నుంచి మూడేళ్ళు గొట్టింగెన్ విశ్వవిద్యాలయం చదువు జరిగాయి.

గొట్టింగెన్‌లో స్నేహితుడైన బోల్యాయ్ అనే హంగరీ కుర్రాడు ఒకసారి బ్రన్స్‌విక్‌లో వాళ్ళింటికి వచ్చాడు. గౌస్ అటు వెళ్ళగానే డొరొతియా అతన్ని పక్కకి పిలిచి, మావాడు దేనికైనా పనికొస్తాడా నాయనా అని అడిగింది. యూరప్ మొత్తానికే గొప్ప గణితవేత్త అవుతాడమ్మా అని అతను చెబితే ఆ తల్లి వలవలా ఏడ్చేసిందట. ఇన్నేళ్ళూ ఏ నమ్మకంతో మొగుడితో పోరాడిందో, ఆ నమ్మకానికి మొదటిసారి ఎవరో సాక్ష్యం చెప్పారు మరి!

<b>పోయిన గ్రహం దొరికింది</b>

1801లో గౌస్ రాసిన అంకెల శాస్త్రం గ్రంథం పండితుల్ని ఆశ్చర్యపరిచింది. మామూలు జనానికి ఆయన పేరు తెలిసింది మాత్రం ఆకాశం వల్ల. ఆ ఏడాది జనవరి ఒకటిన పియాజీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఒక కొత్త చిన్న గ్రహాన్ని చూశాడు. సెరెస్ అని పేరు పెట్టాడు. కొద్ది వారాలు కనబడి అది సూర్యుడి వెలుగులోకి జారుకుంది. మళ్ళీ ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. దొరికిన ఆ కాసిని కొలతలతోనే గౌస్ దాని దారి లెక్కకట్టి ఫలానా చోట చూడమన్నాడు. ఏడాది చివరికి సరిగ్గా ఆ దాపులోనే అది కనబడింది. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్ళు.

1805లో పెళ్ళి. పెళ్ళికూతురు యోహానా ఓస్తాఫ్, తోళ్ళు బాగుచేసే వ్యాపారి కూతురు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల. ఆ నాలుగేళ్ళే తన జీవితంలో నిజమైన ఆనందం అని గౌస్ తర్వాత తలచుకునేవాడు. 1807లో గొట్టింగెన్ నక్షత్రశాలకి అధిపతిగా ఉద్యోగం వచ్చింది. కాని 1809 అక్టోబరులో మూడో కానుపు తర్వాత యోహానా కన్నుమూసింది. పుట్టిన పసివాడు కూడా కొన్ని నెలలకే పోయాడు. ఇద్దరు చిన్నపిల్లలతో మిగిలిన గౌస్ మరుసటేడే యోహానా స్నేహితురాలు మిన్నా వాల్డెక్‌ని చేసుకున్నాడు. పిల్లల కోసమని కొందరూ, ఒంటరితనం భరించలేకని కొందరూ అన్నారు. రెండూ నిజమే అయి ఉండవచ్చు. మిన్నాకి యూజీన్, విల్‌హెల్మ్, తెరీస అని ముగ్గురు పిల్లలు పుట్టారు.

ఈ మధ్యలో ఇంకో ముచ్చట ఉంది. పారిస్ నుంచి లబ్లాం అనే పేరుతో ఎవరో 1804 నుంచి గౌస్‌కి గొప్ప గొప్ప లెక్కలు రాసి పంపేవారు. 1806లో ఫ్రెంచి సైన్యం బ్రన్స్‌విక్‌లో దిగింది. గౌస్‌ని చదివించిన ప్రభువు ఆ యుద్ధంలో తగిలిన గాయాలతో చనిపోయాడు. అప్పుడొక ఫ్రెంచి సైన్యాధికారి మనిషి గౌస్ ఇంటికి వచ్చి, మీరు క్షేమమేనా అని ఒక అమ్మాయి కనుక్కోమందని చెప్పాడు. ఆ అమ్మాయి సోఫీ జెర్మేన్. లబ్లాం అంటే ఆమే! ఆడదాన్నని తెలిస్తే తన లెక్కల్ని చదవకుండానే పక్కన పడేస్తారని మగపేరు పెట్టుకుంది. నిజం తెలిశాక గౌస్ చిన్నబుచ్చలేదు. లోకంలోని ఆచారాల వల్ల మగవాళ్ళకంటే ఎన్నో రెట్లు అడ్డంకులు దాటుకుని ఈ శాస్త్రంలోకి వచ్చిన స్త్రీది మరింత గొప్ప ధైర్యం అనే అర్థం వచ్చేలా 1807లో మనసారా జవాబు రాశాడు.

<b>కొండల మీద అద్దాలు</b>

ఇక అసలు కథలోకి వద్దాం. 1820లో హానోవర్ రాజ్యమంతా కొలిచి పటం తయారుచేసే పని గౌస్‌కి అప్పజెప్పారు. మన ఊళ్ళలో పొలాలు గొలుసు పట్టి కొలుస్తారు. రాజ్యాన్ని అలా కొలవలేరు కదా. కొండ శిఖరాలూ చర్చి గోపురాలూ గుర్తులుగా పెట్టుకుని, ఒకచోట నుంచి మిగతా చోట్లని చూసి కోణాలు కొలుస్తారు. అలా నేలంతా త్రికోణాల వల పరుచుకుంటుంది. ఒక్క భుజం పొడవు సరిగ్గా కొలిస్తే చాలు, మిగతావన్నీ కోణాల నుంచి లెక్కకట్టొచ్చు. ఇదే రకం పని మన దేశంలో 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టాడు. ఆ త్రికోణాల వల నిజాం రాజ్యం మీదుగా ఉత్తరాదికి పాకింది. ఇక్కడ అడవులూ జ్వరాలూ అడ్డమైతే, అక్కడ అడవులూ పొగమంచూ అడ్డం.

దూరాన ఉన్న గుర్తు కనబడకపోవడం పెద్ద చిక్కు. దానికి గౌస్ 1821లో ఒక పరికరం చేశాడు. చిన్న అద్దం పెట్టి సూర్యుడి వెలుగుని సరిగ్గా ఎదుటి కొండ మీదికి పంపడమే దాని పని. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరానికి కూడా ఆ వెలుగు చుక్కలా కనబడేది. 1821 నుంచి 1825 దాకా ఎండాకాలాలన్నీ ఆయనకి పల్లెల్లో, సత్రాల్లో, కొండలెక్కి దిగడంలో గడిచాయి. పెద్దకొడుకు జోసెఫ్ తర్వాత ఈ పనిలోనే ఆయనకి చేదోడయ్యాడు. ఇంటి దగ్గర మిన్నా అప్పటికే క్షయతో తీసుకుంటోంది. పిల్లలూ, 1817 నుంచి కొడుకు దగ్గరే ఉంటున్న ముసలి అత్తగారూ, అన్నీ ఆవిడ నెత్తి మీదే.

కొలతలు తెచ్చాక అసలు తలనొప్పి మొదలు. ఎంత జాగ్రత్తగా చూసినా ఏ రెండు కొలతలూ అచ్చంగా సరిపోవు. ఒక కోణం కాస్త ఎక్కువ, ఇంకోటి కాస్త తక్కువ. ఎవరి పక్షమూ వహించకుండా అన్నిటినీ కొద్దికొద్దిగా సర్ది, మొత్తం మీద తప్పు అతి తక్కువగా ఉండేలా చూడాలి. ఆ సర్దుబాటు ఎంతెంత అన్నవే తెలియని సంఖ్యలు. తెలియనివి ఎన్నో, సమీకరణాలు అన్ని.

బళ్ళో మనం రెండు సమీకరణాలు చేసినవాళ్ళమే. ఒకదాన్ని ఏదో అంకెతో గుణించి, రెండోదాంట్లోంచి తీసేసి, ఎక్స్‌ని పోగొట్టి వై కనుక్కునేవాళ్ళం. రెండంటే సరే. పదయితే ఒక పూట పని. వంద అయితే మూడు లక్షల పైచిలుకు గుణకారాలు చెయ్యాలి. మధ్యలో ఒక్క అంకె తప్పు పడితే ఆ తర్వాత చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. తమాషా ఏమిటంటే, పోగొట్టుకుంటూ పోయే ఈ పద్ధతికి కూడా పుస్తకాల్లో గౌస్ పేరే ఉంది. చైనా వాళ్ళకి అది రెండు వేల ఏళ్ళ కిందటే తెలుసనుకోండి. కాని పెద్ద పని నెత్తిన పడ్డప్పుడు గౌస్ దాన్ని పక్కన పెట్టి వేరే దారి పట్టాడు.

<b>కొబ్బరికాయల లెక్క</b>

ఆ దారి చూడండి. పక్కింటావిడ 5 కొబ్బరికాయలూ, 1 డజను అరటిపళ్ళూ కొని 200 రూపాయలిచ్చింది. మీరు 1 కొబ్బరికాయ, 4 డజన్ల అరటిపళ్ళు కొని 230 ఇచ్చారు. కొబ్బరికాయ ఎంత, డజను పళ్ళెంత?

మొదట ఏదో ఒకటి అనేసుకుందాం. పక్కింటావిడ లెక్కలో ఎక్కువ భాగం కొబ్బరికాయలే కాబట్టి పళ్ళ సంగతి మర్చిపోయి 200ని 5తో భాగిద్దాం. కాయ 40 రూపాయలు. ఇది తప్పని మనకి తెలుసు. ఫరవాలేదు. ఇప్పుడు మీ లెక్కకి రండి. 230లో కాయకి 40 పోతే 190. నాలుగు డజన్లకి పంచితే డజను 47 రూపాయల 50 పైసలు. మళ్ళీ పక్కింటావిడ లెక్కకి వెళ్ళండి. 200లో 47.50 పోతే 152.50, అయిదు కాయలకి పంచితే కాయ 30.50. మళ్ళీ మీ లెక్క: డజను దాదాపు 49.88. మళ్ళీ ఆవిడ లెక్క: కాయ 30.02. ఇంకొక్కసారి తిరిగితే డజను 49.99. ఇక మీకే తెలిసిపోతుంది, కాయ 30, డజను 50!

మొదట 40 కాకుండా కాయ 100 రూపాయలని అనుకున్నా సరే. అప్పుడు డజను 32.50 వస్తుంది, దాంతో కాయ 33.50, తర్వాత డజను 49.12, తర్వాత కాయ 30.18. అదే గూటికి చేరుతుంది. ఈ పద్ధతిలో గొప్పతనమంతా ఇదే. ఎక్కడ మొదలుపెట్టినా, మధ్యలో పరాకుగా ఒక అంకె తప్పు వేసినా లెక్క పాడవదు. తర్వాతి తిరుగుడులో ఆ తప్పు తనంతట తనే కరిగిపోతుంది.

అయితే ఒక షరతు ఉంది. ఏ లెక్కలో ఏది ఎక్కువ బరువో దాన్ని ఆ లెక్కతోనే దిద్దాలి. కొబ్బరికాయ ధరని కాయలు ఎక్కువున్న పక్కింటావిడ లెక్కతో, పళ్ళ ధరని పళ్ళు ఎక్కువున్న మీ లెక్కతో. తిరగేసి చేశారో, కొంప మునిగిందే! కాయ 40 అనుకుని ఆవిడ లెక్కలో పళ్ళు కడితే డజను సున్నా వస్తుంది. దాంతో మీ లెక్కలో కాయ 230 అవుతుంది. దాంతో డజను సున్నాకి కింద 950! దిద్దినకొద్దీ దూరం పోతుంది. అదృష్టం కొద్దీ భూమి కొలతల్లో వచ్చే సమీకరణాలు మంచి రకం. ప్రతి దాంట్లోనూ ఒక్క సంఖ్యదే పెద్దరికం.

గౌస్ ఇందులో ఇంకో కిటుకు పెట్టాడు. వరసలో దిద్దుకుంటూ పోకుండా, ప్రతిసారీ అన్ని సమీకరణాలనీ ఒకసారి చూసి, ఎక్కడ తేడా అన్నిటికంటే పెద్దగా ఉందో ముందు దాన్ని సర్దేవాడు. దాంతో మిగతావాటిలో తేడాలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. మళ్ళీ చూసి, ఇప్పుడు పెద్దదేదో దాన్ని. అలా తేడాలన్నీ లెక్కలోకి రానంత చిన్నవయ్యేదాకా. ఇల్లు సర్దేటప్పుడు మనమూ ఇదే చేస్తాం. ముందు కంట్లో పడే చెత్త తీస్తాం, ఆ తర్వాతే అలమర మూలలు.

<b>క్రిస్మస్ మర్నాటి ఉత్తరం</b>

1823 డిసెంబరు 26న, అంటే క్రిస్మస్ మర్నాడు, గౌస్ తన పాత శిష్యుడు గెర్లింగ్‌కి ఒక ఉత్తరం రాశాడు. గెర్లింగ్ అప్పటికి మార్బుర్గ్‌లో ఆచార్యుడు, అతనిదీ సర్వే పనే. ఈ పద్ధతంతా అంకెలతో సహా చేసి చూపించి, నువ్వు కూడా ఇలాగే చెయ్యమని గురువు సలహా ఇచ్చాడు. రెండుకి మించి తెలియని సంఖ్యలుంటే ఇంక పాత పద్ధతి జోలికి పోవని కూడా అన్నాడు. పైగా ఈ పని సగం నిద్రలో ఉన్నా, మనసు వేరే ఆలోచనల మీద ఉన్నా చేసుకోవచ్చునట! కష్టమైన పనిని గొప్పగా చెప్పుకునేవాళ్ళే ఎక్కువ. తేలిక చేసుకుని, ఆ తేలికతనాన్ని శిష్యుడితో పంచుకోవడం ఆయనకి సంతోషం.

ఆ పద్ధతిని గౌస్ పుస్తకంలో పెట్టలేదు. పూర్తిగా పండితే తప్ప దేన్నీ అచ్చుకివ్వని అలవాటు ఆయనది. గెర్లింగ్ 1843లో తన పుస్తకంలో దాన్ని వివరించాడు. 1845లో యకోబీ ఇలాంటిదే తన పద్ధతి ప్రకటించాడు. ఆ లెక్కలు చెయ్యడంలో ఆయనకి సాయపడిన కుర్రాడు సైడెల్. అతను పెద్దయ్యాక మ్యూనిక్‌లో 1874లో ఇంకా వివరంగా రాశాడు. ఇవాళ ఇంజనీరింగ్ పిల్లలు గౌస్–సైడెల్ పద్ధతి అని చదువుకునేది, మనం కొబ్బరికాయలతో చేసిన లెక్కే.

<b>ఇంట్లో సర్దని లెక్క</b>

లెక్కల్లో పెద్ద తేడా ఎక్కడుందో ఇట్టే పట్టేసే మనిషి ఇంట్లో కూడా అలాగే ఉన్నాడా? లేడనే చెప్పాలి.

యూజీన్‌కి తండ్రి తెలివే వచ్చింది. భాషలు చకచకా పట్టేవాడు, లెక్కల్లోనూ చురుకే. కాని కొడుకులెవరూ గణితంలోకి రాకూడదని గౌస్ పట్టు. తనని మించలేకపోతే వంశం పేరు పలచనవుతుందని భయమట. కుర్రాణ్ణి న్యాయశాస్త్రంలో వేశాడు. వాడికి మనసు లేదు. స్నేహితులకి విందు చేసి ఆ ఖర్చు తండ్రి ఇస్తాడనుకున్నాడు. మాటా మాటా పెరిగింది. 1830లో ఇల్లు విడిచి అమెరికా వెళ్ళిపోయాడు. అక్కడ సైన్యంలో చేరి, తర్వాత తోళ్ళ కంపెనీలో పనిచేసి, చివరికి మిస్సోరీ రాష్ట్రంలో స్థిరపడ్డాడు. 1837లో రెండోవాడు విల్‌హెల్మ్ కూడా అదే దారి పట్టాడు. కాలం గడిచాక తండ్రి మెత్తబడ్డాడు, ఉత్తరాలు నడిచాయి. కాని యూజీన్ తండ్రిని మళ్ళీ కళ్ళతో చూడలేదు. ముసలితనంలో చూపు పోయాక యూజీన్ కాలక్షేపం ఏమిటో తెలుసా? మనసులోనే పెద్ద పెద్ద లెక్కలు కట్టుకోవడం. తండ్రి వద్దన్న విద్యే చివరికి తోడయింది.

కొడుకు వెళ్ళిన మరుసటేడు, 1831 సెప్టెంబరులో, మిన్నా కన్నుమూసింది. ఎన్నో ఏళ్ళు మంచం పట్టి, ఇద్దరు భార్యల పిల్లల్నీ పెంచి, కొడుకు తిరిగొస్తాడేమోనని చూసి పోయిన తల్లి. అప్పటికి తెరీసకి 15 ఏళ్ళు. ఇంటి తాళాలు ఆ పిల్ల చేతికొచ్చాయి. నాన్నమ్మనీ, నాన్ననీ, వచ్చేపోయే పండితుల్నీ చూసుకుంటూ 24 ఏళ్ళు గడిపింది. గౌస్ 1855 ఫిబ్రవరి 23న పోయేదాకా ఆమె పెళ్ళి మాట ఎత్తలేదు. మరుసటేడు, నలభయ్యో పడిలో పెళ్ళి చేసుకుంది. గౌస్ రాసిన గ్రంథాలకి లెక్కలేనన్ని వ్యాఖ్యానాలున్నాయి. ఆ 24 ఏళ్ళు వేళకి భోజనం పెట్టిన చేతుల గురించి మాత్రం నాలుగు వాక్యాలే దొరుకుతాయి.

ఒక్క తల్లి విషయంలో ఆయన్ని వేలెత్తి చూపలేం. 22 ఏళ్ళు డొరొతియా కొడుకింట్లోనే ఉంది. నక్షత్రశాలలో గొప్ప గొప్పవాళ్ళు తిరుగుతున్నా ఆవిడ తన పల్లెటూరి తీరు మార్చుకోలేదు, కొడుకు మార్చుకోమనలేదు. చివరి నాలుగేళ్ళూ చూపు పోయింది. అప్పుడు ఆయన స్వయంగా దగ్గరుండి చూసుకునేవాడని చెబుతారు. 1839లో, తొంభై ఐదేళ్ళు దాటి, కొడుకు ఇంట్లోనే కన్నుమూసింది.

<b>ఇవాళ మన ఒంట్లోకి తొంగిచూస్తోంది</b>

గెర్లింగ్‌కి రాసిన ఆ ఉత్తరం చాలాకాలం పండితుల మధ్యే ఉండిపోయింది. కంప్యూటర్లు వచ్చాక దాని విలువ ఇంకా తెలిసింది. 1951లో ఫోర్సైథ్ అనే అమెరికన్ గణితవేత్త దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అణుశక్తి, విమానాల రెక్కలు, పెద్ద వంతెనలు, వాతావరణం, ఏది తీసుకున్నా వేలూ లక్షలూ తెలియని సంఖ్యలు. ఒక్కో సమీకరణంలో మాత్రం వాటిలో నాలుగైదే ఉంటాయి, మిగతావన్నీ సున్నాలు. ఒక కొండ మీద నుంచి పక్క కొండలే కనబడినట్టు. అలాంటివాటిని పోగొట్టుకుంటూ పోతే ఆ సున్నాల స్థానంలో కొత్త అంకెలు పుట్టి కంప్యూటరుకే ఊపిరాడదు. ఊహించి దిద్దుకుంటూ పోతే ఆ సున్నాలు సున్నాలుగానే ఉండిపోతాయి. 1952లో హెస్టెనెస్, స్టీఫెల్ అనే ఇద్దరు ఇదే వంశంలో ఇంకా చురుకైన పద్ధతి ప్రకటించారు. ఇప్పుడు పెద్ద లెక్కలకి అలాంటివే వాడతారు, గౌస్ పద్ధతి వాటికి లోపల్లోపల సాయం చేస్తూ ఉంటుంది.

మనకి దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో, మెదడులో గడ్డ ఉందేమోనన్న అనుమానంతో ఒక మహిళకి స్కాన్ తీశారు. హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన ఆ యంత్రంతో రోగికి చేసిన మొట్టమొదటి సీటీ స్కాన్ అదే. తల చుట్టూ రకరకాల దిక్కుల నుంచి ఎక్స్‌రే పంపితే, ఒక్కో కిరణమూ తన దారిలో ఉన్నదంతా కలిపి మొత్తం ఒకటే చెబుతుంది. పక్కింటావిడ 200 రూపాయలిచ్చానని మొత్తమే చెప్పినట్టు. విడివిడిగా ఎక్కడెంతో మనం కనుక్కోవాలి. అలాంటి సమీకరణాలు వేలకి వేలు. ఆ తొలి యంత్రానికి వాడిన లెక్క కూడా, ఒక ఊహా చిత్రంతో మొదలుపెట్టి, కొలతలతో పోల్చి, దిద్దుకుంటూ పోయే రకమే. ఆ చిత్రంలో గడ్డ స్పష్టంగా కనబడింది. హౌన్స్‌ఫీల్డ్‌కి 1979లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. తర్వాత మధ్యలో త్వరగా అయ్యే వేరే సూత్రాలు వచ్చాయి. ఈమధ్య మళ్ళీ ఈ దిద్దుకునే పద్ధతే వెనక్కి వచ్చింది. ఎందుకంటే తక్కువ ఎక్స్‌రేతోనే మంచి చిత్రం ఇస్తుంది. ఒంటికి ఆ మేరకు ప్రమాదం తగ్గినట్టే.

జర్మనీవాళ్ళు గౌస్‌ని 1991 నుంచి 2001 దాకా తమ పది మార్కుల నోటు మీద పెట్టుకున్నారు. నోటు వెనక వైపు ఒక మూల ఆయన కొలిచిన త్రికోణాల వల చిన్నగా గీసి ఉండేది. యూరో వచ్చాక ఆ నోటు పోయింది. లెక్క మాత్రం ఉంది.

పిల్లలు లెక్కల హోంవర్క్ ముందు కూర్చుని, తప్పు వస్తుందేమోనన్న భయంతో పెన్సిలే కదపకపోతే, వాళ్ళకి ఈ కొబ్బరికాయల లెక్క చెయ్యమని ఇవ్వండి. ఏదో ఒకటి అనుకుని మొదలుపెట్టమనండి. మొదటి జవాబు తప్పే అవుతుంది. ఎక్కువ తేడా ఎక్కడుందో చూసి దిద్దుకుంటూ పోవడమే అసలు పని. ఇంటి సంగతుల్లో కూడా అంతే. అక్కడ మాత్రం సగం నిద్రలో చేస్తే కుదరదు. అంతటి గౌస్‌కే కుదరలేదు.